వేట వారం సంతకాలు

ఫ్యాక్టరీలో నాణ్యత పరీక్షలు చూసే డార్లా టెస్కీ ఒక ఉత్తరం గుప్పిట్లో నలిపి పట్టుకుని బ్రేక్ రూమ్ తలుపు తోసిందని పోయినవారం చెప్పి ఆపాను. తోసిందని మర్యాదకి అన్నాను గానీ, నిజానికి రబ్బరు బూటుతో తన్నింది. తన్నక ఏం చేస్తుంది చెప్పండి. బ్రూగన్ చీజ్ ఫ్యాక్టరీలో నలభై ఏళ్ళు ప్యాకింగ్ చేసి, డార్లాకి పనంతా చెయ్యిపట్టి నేర్పిన ఆర్డిస్ హౌగ్ పన్నెండు రోజులుగా ఆసుపత్రిలో తెలివి లేకుండా పడి ఉంది. రక్తంలో లిస్టీరియా అన్నారు డాక్టర్లు. తడి తూముల్లో కాపురం పెట్టి, చలికి కూడా చావని క్రిమి అది. వృద్ధాశ్రమంలో ఆర్డిస్ గది ఫ్రిజ్‌లో సగం తిన్న బ్రిక్ చీజ్, మా ఫ్యాక్టరీలో ఇటుకలా పోసే రకం, దొరికింది. ఆరోగ్య శాఖ వాళ్ళు దాన్ని పరీక్షకి పట్టుకెళ్ళారు, ఫలితం ఇంకా రాలేదు. ఆ చీజ్‌ని క్రిస్మస్ నాడు రిబ్బను కట్టి, తను కొట్టిన జింక మాంసంతో చేయించిన సాసేజ్‌తో కలిపి ఆర్డిస్ ఒళ్ళో పెట్టింది డార్లానే. పెట్టిన చెయ్యి తనది. దాన్ని అంతదాకా రానిచ్చిన చెయ్యి ఎవరిదో తేల్చకపోతే ఆమెకి అన్నం సయించేలా లేదు.

బ్రేక్ రూమ్‌లో ముగ్గురున్నారు. కాఫీ యంత్రం పక్కన నిలబడ్డవాడు యజమాని గేలెన్ బ్రూగన్. ఫ్యాక్టరీ వాళ్ళ తాత పెట్టింది. గేలెన్, డార్లా ఒకే బడిలో ఒకే తరగతి చదివారు కాబట్టి ఇద్దరి మధ్యా మన్ననలేమీ లేవు. కిటికీ దగ్గర కూర్చున్నవాడు వెండల్ హౌగ్, ముప్పై ఎనిమిదేళ్ళుగా ఇక్కడ చీజ్ చేయిస్తున్న పెద్ద మేస్త్రీ. ఆర్డిస్‌కి సొంత తమ్ముడు. మూడో మనిషి ప్యాకింగ్‌లో పనిచేసే నయెలి. పాపం తన పదిహేను నిమిషాల విరామంలో ఇంటినుంచి తెచ్చుకున్న మొక్కజొన్న పిండి తమాలే తింటోంది. తలుపు అదిరేసరికి డబ్బా మూత పెట్టేసి లేవబోయింది.

"నువ్వు కూర్చో. నీతో పనుంది," అంది డార్లా.

ఉత్తరం బల్ల మీద పడేసింది. మా చీజ్‌లో మూడింట రెండు వంతులు కొనే పెద్ద కొట్ల కంపెనీ రాసింది అది. మీ ఫ్యాక్టరీలో అంతర్గత ఆడిట్ ఇకముందు ఏ పద్ధతిలో చేస్తారో, ఆ పద్ధతే ఎందుకు ఎంచుకున్నారో శుక్రవారంలోగా రాసి పంపండి, లేకపోతే సరుకు తీసుకోం అని దాని సారాంశం. ఆ రోజు గురువారం. ఉత్తరం వెనక ఇంకేవో కాగితాలు పిన్ను చేసి ఉన్నాయి గానీ, మొదటి పేజీకే డార్లాకి కళ్ళు ఎర్రబడి, వెనక్కి తిప్పి చూడలేదు.

"ఇందులో అంత మండిపడ్డానికి ఏముంది," అన్నాడు గేలెన్. తను అప్పుడే ఏర్పాటు చేసేశానన్నాడు. గ్రీన్ బే పట్నం నుంచి ఆడిటరు ఒకాయన వస్తాడట. నూట ఎనభై ప్రశ్నల జాబితా తెస్తాడట. రెండు రోజులు ఫైళ్ళు చూసి, టిక్కులు పెట్టి, అట్ట వేసిన నివేదిక ఇచ్చి వెళ్తాడట. మర్యాదస్తుడు, ఎవర్నీ నొప్పించడు అని కూడా కలిపాడు.

నొప్పించనివాణ్ణి ఏరికోరి తెచ్చుకుంటున్నావా అని డార్లా అడిగింది. ఆయన వచ్చి 'తూములు కడగడానికి మీకు రాతపూర్వకమైన విధానం ఉందా' అంటాడు. ఉందని మనం ఫైలు తీసి చూపిస్తాం. ఆయన టిక్కు పెడతాడు. మోకాళ్ళ మీద కూర్చుని తూములోకి తొంగిచూస్తాడా? తూము కడిగేవాణ్ణి పిలిచి, ఏదీ కడిగి చూపించు అంటాడా? ఇలా అడుగుతుంటే గేలెన్ కాఫీలో చక్కెర కలుపుతూ ఉన్నాడు. వినకూడదనుకున్నప్పుడు అతను చేసే పని అదే, బడిలో ఉన్నప్పుడు పెన్సిలు చెక్కుకునేవాడు.

వెండల్ గొంతు సవరించుకున్నాడు. బయటివాడెవడో మన వంటింట్లోకి రావడం తనకీ ఇష్టం లేదన్నాడు. "ఇన్నేళ్ళూ ఎలా చేశామో అలాగే చేద్దాం అమ్మాయ్. ఎవరి సెక్షన్ వాళ్ళు చూసుకుంటారు. రోజూ తొట్టి దగ్గర నిలబడేవాడి కంటే తొట్టి సంగతి ఇంకెవడికి తెలుస్తుంది?"

"కాకిపిల్ల కాకికి ముద్దు, వెండల్. పదకొండేళ్ళుగా మీ గది మీరే చూసి, మీకు మీరే నూటికి నూరు వేసుకున్నారు. మీ అక్క ఆసుపత్రిలో ఉంది."

ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది. వెండల్ మొహం గట్టిపడింది, కిటికీలోంచి మంచు కేసి చూస్తూ ఉండిపోయాడు. డార్లా కూడా తగ్గలేదు. తగ్గే స్థితిలో లేదు.

ఇక్కడ వేట వారం సంగతి చెప్పకపోతే మీకు ఈ గొడవ అర్థం కాదు. నవంబరు మూడోవారంలో జింకల వేట మొదలైతే మా ఊళ్ళో మగా ఆడా అడవిలోనే ఉంటారు. బడికి సెలవు, బేరాలకి సెలవు. ఆవులకి మాత్రం సెలవుండదు, పాల బండ్లు వచ్చేస్తూనే ఉంటాయి. అందుకని ఫ్యాక్టరీలో సగం మందితో పొద్దుటిపూట చీజ్ చేస్తారు, ప్యాకింగ్ పూర్తిగా మూసేస్తారు. ఆ వారంలోనే, మధ్యాహ్నాలు ఖాళీగా ఉంటాయి కదా అని ఆడిట్ కూడా కానిచ్చేస్తారు. యంత్రాలు ఆగి ఉంటాయి, నేల కడిగి ఉంటుంది, అడగడానికి మనుషులుండరు. నిద్రపోతున్నవాడి నాడి చూసి వీడు ఎవర్నీ తిట్టడు, బుద్ధిమంతుడు అని రాసినట్టు, పదకొండేళ్ళు అదే రాశారు. సిగ్గుపడాల్సిన విషయం. ఎవరూ పడలేదు.

డార్లా తన పద్ధతి చెప్పింది. చెప్పిందంటే, వేలితో బల్ల పొడుస్తూ చెప్పింది. జాబితా వద్దు, సెక్షన్లు వద్దు. ఒకే ఒక్క చీజ్ దిమ్మ తీసుకుందాం. కాగితం చుట్టిన చోటునుంచి వెనక్కి నడుద్దాం, ప్యాకింగ్, మాగబెట్టే గది, తొట్టెలు, పాలు కాచే యంత్రం దాకా. ప్రతి మజిలీలో మూడే పనులు. అక్కడి మనిషిని అడగాలి, అక్కడి వస్తువు కళ్ళతో చూడాలి, అక్కడి కాగితం చదవాలి. ఆ మూడూ ఒకదానితో ఒకటి కలవాలి. ఏ మజిలీలోనూ ఆ మజిలీ మనిషి ఆడిటరుగా ఉండకూడదు. ముందు చెప్పడం ఉండదు. యంత్రాలు నడుస్తుండగా చూడాలి.

"ఎప్పుడు?" అన్నాడు గేలెన్.

"ఇప్పుడు."

"ఏ దిమ్మ?"

డార్లా జేబులోంచి చిన్న ప్లాస్టిక్ సంచీ తీసింది. అందులో ఆర్డిస్ ఫ్రిజ్‌లో దొరికిన చీజ్ కాగితం, దానిమీద బ్యాచ్ నంబరు. ఆరోగ్య శాఖవాళ్ళు చీజ్ పట్టుకెళ్తూ కాగితం వదిలేశారు. చెత్తబుట్టలోంచి తీసి అప్పటినుంచీ దాన్ని జేబులో పెట్టుకుని తిరుగుతోంది.

గేలెన్ ఆ కాగితం కేసి చూడలేక పక్కకి చూశాడు. చివరికి ఒప్పుకున్నాడు గానీ, షరతు మీద ఒప్పుకున్నాడు. ఈ రోజు సాయంత్రం లోపల ఏమీ తేలకపోతే డార్లా నోరు మూసుకుని గ్రీన్ బే ఆయనకి తన గది తాళాలివ్వాలి. డార్లా సరేనంది. తన షరతు కూడా వినమంది.

"తేలితే మాత్రం, ఎవరి దగ్గర తేలిందో వాళ్ళ పేరు నివేదికలో పడాలి. 'సిబ్బంది' అని కాదు, 'సంబంధిత విభాగం' అని కాదు. పేరు. ఎవరైనా సరే."

వెండల్ అప్పుడు తలతిప్పాడు. "మరి నీ గదో? తూముల పరీక్షలన్నీ నీ గదిలోనే కదా ఉండేది. అది ఎవరు చూస్తారు, నువ్వేనా?"

"నయెలి చూస్తుంది. అందుకే కూర్చోమన్నాను."

గేలెన్ ముక్కుతో నవ్వాడు. ప్యాకింగ్ మనిషికి ల్యాబ్ కాగితాలేం అర్థమవుతాయన్నాడు. డార్లా వాడి మొహం మీదే జవాబిచ్చింది. పోయిన వేసవిలో చీజ్ ముక్కకి నీలం బ్యాండేజీ అంటుకుని ఉంటే, సూపర్వైజరు కానిమ్మన్నా వినకుండా లైను ఆపింది ఎవరు? అలా ఆపినందుకు ఆరోజు ఓవర్ టైము పోగొట్టుకున్నది ఎవరు? నయెలి ఇదంతా తన గురించి కానట్టు తమాలే డబ్బా సంచిలో సర్దుకుని, పై జేబులోంచి చిన్న నోటుపుస్తకం తీసింది. పన్నెండేళ్ళుగా ఈ ఫ్యాక్టరీలో ఉన్నా మీటింగులో ఆమె గొంతు ఎవరూ విన్నది లేదు. ఆ రోజు విన్నారు. "నేను అడిగితే నిజం చెప్తారా?" అని అడిగింది, ముగ్గుర్నీ చూస్తూ. ముగ్గురూ తలూపారు.

ప్యాకింగ్‌లో అడిగింది డార్లా. తూకం సరిగ్గా ఉంది, లోహం పట్టే యంత్రం పనిచేస్తోంది, బ్యాచ్ నంబరు పుస్తకంలో ఉంది. చీజ్ చేసిన రోజు నవంబరులో వేట వారం సోమవారం. ఆ తారీఖు చూడగానే డార్లాకి మళ్ళీ ఒళ్ళు మండింది. నేను చెప్పలేదా, ఆ దిక్కుమాలిన వారమే అని పైకే అంది.

మాగబెట్టే గదిలోకి వెళ్ళేసరికి ఆ మంటకి నెయ్యి దొరికింది. బ్రిక్ చీజ్‌ని రోజూ ఉప్పునీళ్ళతో తోముతారు. దానికి తెల్ల బ్రష్షు. నేలా తూమూ తోమడానికి నల్ల బ్రష్షు. రెండూ గదికి చెరో మూల ఉండాలి. అక్కడ రెండూ ఒకే కొక్కానికి వేలాడుతున్నాయి, నల్లదాని నీళ్ళు తెల్లదాని మీదకి కారుతూ. ఇది ఎన్నాళ్ళనుంచి అని తోమేవాణ్ణి అడిగితే, రెండో కొక్కెం ఊడిపోయిందనీ, చెప్పామనీ, ఎవరూ బిగించలేదనీ అన్నాడు. ఎప్పుడు ఊడిందయ్యా అంటే వేసవిలో అన్నాడు.

ఇంక చూడాలి డార్లాని. నవంబరు ఆడిట్ ఫైల్లో ఇదే గదికి 'బ్రష్షులు విడివిడిగా ఉన్నవి' అన్న వరుసలో వెండల్ పెట్టిన టిక్కు తీసి ఆయన మొహం ముందు పెట్టింది. ఈ టిక్కు పెట్టేటప్పుడు కళ్ళు ఎక్కడ పెట్టుకున్నారు అంది. ఒక్క కొక్కెం, ఒక్క మేకు, అదీ బిగించలేకపోయారా అంది. ఆర్డిస్ ఈ గుమ్మంలో నిలబడి ఉంటే చెవి మెలిపెట్టేది అంది. తోమేవాళ్ళు తోమడం ఆపేసి నేల చూశారు. వెండల్ అంతా విని, నెమ్మదిగా, పళ్ళ మధ్యనుంచి మాట్లాడాడు.

"రాసుకో. నా పేరే రాసుకో. కానీ నా అక్క పేరెత్తి నన్ను కొట్టకు. నువ్వు పుట్టకముందునుంచీ అది నాకు అక్క."

రాయించింది. నయెలి పుస్తకంలో 'వెండల్ హౌగ్, బ్రష్షులు' అని పడింది. డార్లాకి ఆ క్షణంలో కలిగింది తృప్తే, దాచడం ఎందుకు. వెతుకుతున్న చెయ్యి దొరికిందనుకుంది.

తొట్టెల దగ్గరా, పాలు కాచే యంత్రం దగ్గరా వెండల్‌ని పట్టుకోవడానికి ఏమీ దొరకలేదు. ఆ సోమవారం పాలు నూట అరవై ఒక్క ఫారెన్‌హీట్ డిగ్రీల పైనే కాగాయి, యంత్రం కాగితం మీద గీసే వేడి గీత ఎక్కడా వంగలేదు. ఆ గీతల చుట్టని వెండల్ రెండు చేతులతో విప్పి చూపించాడు.  మిగిలిందల్లా తూముల పరీక్షలు. మాగబెట్టే గది తూముల్ని సోమ, బుధ, శుక్రవారాల్లో దూదిపుల్లతో తుడిచి, ఆ పుల్లల్ని ఐస్ పెట్టెలో ఊరి బయటి ల్యాబ్‌కి పంపుతారు. లిస్టీరియా ఉంటే అక్కడ బయటపడుతుంది. బయటపడితే ఆ గదిలోంచి చీజ్ కదలదు. అంటే, బ్రష్షు ఏ తప్పు చేసినా పట్టుకోవాల్సిన ఆఖరి వల అది. ఆ కాగితాలుండేది డార్లా గదిలో.

ఆ గదిలో డార్లా బల్లకి ఇవతలి వైపు కూర్చుంది, నయెలి అవతలి వైపు, డార్లా కుర్చీలో. అది కూడా డార్లా చెప్పిన నియమమే. గేలెనూ వెండలూ గుమ్మంలో నిలబడ్డారు. నయెలి వేట వారం కాగితాలు తీసి పరిచింది. సోమవారం, బుధవారం, శుక్రవారం. మూడింటిలోనూ తూములు శుభ్రం అన్న గడిలో టిక్కు. మూడింటి కిందా డార్లా టెస్కీ అని సంతకం. గేలెన్ ఊపిరి వదిలాడు. చూశావా, అన్నీ ఉన్నాయి, ఇంక కానివ్వండి అన్నాడు.

నయెలి కానివ్వలేదు. కాగితాల పై అంచున చిన్న రంధ్రాలు చూపించి ఇవేమిటని అడిగింది. మామూలు కాగితాలకి అవి లేవు. వేట వారంలో కాగితాలు తలుపు పక్కన మేకుకి గుచ్చి వెళ్తామని డార్లా చెప్పింది. అందరూ అలాగే చేస్తారంది.

"వెళ్తామంటే? మీరు ఆ వారం ఇక్కడ లేరా?"

డార్లా నోరు తెరిచింది. నిజం చెప్తారా అని పొద్దున అడిగినప్పుడు తలూపింది కదా. అంతకు ముందు శుక్రవారం మధ్యాహ్నమే అడవిలో అన్నయ్య గుడిసెకి వెళ్ళిపోయానంది. వెళ్ళేముందు తారీఖు వెయ్యని ఖాళీ కాగితాలకి సంతకం పెట్టి మేకుకి గుచ్చానంది. ఉన్నవాళ్ళెవరో పుల్లలు తీసి పంపుతారు, ల్యాబ్ ఫలితం చెప్పాక టిక్కు పెడతారు. ఏటా అంతే. ఫ్యాక్టరీలో సంతకాలు పెట్టాల్సిన వాళ్ళంతా వేటకి ముందు అలాగే పెట్టి వెళ్తారు. చెబుతున్నకొద్దీ తన గొంతు తనకే పరాయిదిగా వినిపించింది.

నయెలి ముందుకి వంగింది. ఆమె గొంతులో కోపం లేదు, అదే డార్లాకి భరించలేకుండా ఉంది. "పుల్లల పెట్టె ల్యాబ్ డ్రైవరుకి ఇచ్చేది నేను. ప్యాకింగ్ గుమ్మం దగ్గర. ఆయన చీటీ చింపి ఇస్తాడు, నేను మీ గదిలో చీటీలు గుచ్చే ఇనప శలాకకి గుచ్చుతాను. వేట వారం ప్యాకింగ్ మూసేశారు. గుమ్మానికి తాళం. డ్రైవరు ఆ వారం రావద్దని నేనే ఫోను చేసి చెప్పాను, మా సూపర్వైజరు చెప్పమంటే." శలాక తీసి బల్ల మీద పెట్టింది. నవంబరు చీటీలు ఒక్కొక్కటే తిప్పింది. వేట వారానికి ముందు శుక్రవారం చీటీ ఉంది. దాని వెనక, వేట వారం తర్వాత సోమవారం చీటీ. మధ్యలో ఏమీ లేదు.

పెట్టె వెళ్ళలేదు. పుల్లలు తీశారో లేదో దేవుడికెరుక, ల్యాబ్‌కి మాత్రం చేరలేదు. ఆ తూము సంగతి ఎవరూ చూడలేదు. చూసి బాగుందన్నామని కింద సంతకం మాత్రం ఉంది.

ఈ ముక్క గ్రీన్ బే ఆయన నూట ఎనభై ప్రశ్నల్లో తేలేది కాదు. సంతకం ఉందా అంటే ఉంది. వెండల్ చెప్పినట్టు ఎవరి గది వాళ్ళు చూసుకున్నా తేలేది కాదు. డార్లా గదిలో కాగితాలు చూసేవాళ్ళకి ప్యాకింగ్ గుమ్మానికి తాళమని తెలియదు, గుమ్మం దగ్గరున్న మనిషికి ఆ గదిలో టిక్కు పడిందని తెలియదు. డార్లా పద్ధతే దాన్ని పట్టుకుంది. పట్టుకుని తిన్నగా ఆమె దగ్గరకే వచ్చి ఆగింది.

ఆ వారం బుధవారం తనెక్కడుందో డార్లాకి గుర్తుంది. చెట్టు మీది మంచెలో, మోకాళ్ళ మీద తుపాకి, ఫ్లాస్కులో వేడి కాఫీ. నాన్న పోయాక మొదటిసారి మనసు తేలికైన రోజు అది. ఆ పొద్దునే కొమ్ములకి ఎనిమిది కొనలున్న జింకని కొట్టింది. ఆ జింక సాసేజే ఆర్డిస్‌కి ఇచ్చింది, ఈ చీజ్‌తో కలిపి.

 గంట క్రితం వెండల్‌ని అన్న మాటలన్నీ ఒక్కొక్కటే వెనక్కి వచ్చి ఆమెకి తగులుతున్నాయి. కళ్ళెక్కడ పెట్టుకున్నారంది. తన కళ్ళయితే అసలు ఊళ్ళోనే లేవు.

గేలెన్ వెండల్‌ని కూడా లోపలికి రమ్మని తలుపు వేశాడు. చిన్నప్పటి స్నేహితుడిలా డార్లా భుజం మీద చెయ్యి వేశాడు. "విను. ఇది ఈ నలుగురి మధ్యే ఉంది. తిలా పాపం తలా పిడికెడు, అందరం పెట్టాం ఆ సంతకాలు. నువ్వొక్కదానివే ఎందుకు మొయ్యాలి? బ్రష్షుల దగ్గరే నివేదిక ఆపేద్దాం. గ్రీన్ బే ఆయన్ని పిలుద్దాం. నీ ఉద్యోగం నీకుంటుంది."

డార్లా ఆ చేతిని తీసి పక్కన పెట్టింది. ఈసారి కోపం ఎవరిమీదో ఆమెకి స్పష్టంగా తెలుసు కాబట్టి అరవలేదు.

"బ్రష్షుల దగ్గర ఆపితే వెండల్ పేరొక్కటే ఉంటుంది. నా తప్పుకి ఆయన్ని బలిచ్చి నేను జీతం తీసుకోవాలా? నయెలీ, రాయి. డార్లా టెస్కీ. చూడని తూముకి సంతకం పెట్టింది."

నయెలి కలం కాగితం మీద పెట్టి ఆగింది. "పూర్తిగా రాయాలి కదా. ఎన్ని సంతకాలు?"

"నాలుగు. మూడు రోజులకి మూడు. తడిసి పాడైతే ఉండనీ అని ఇంకొకటి."

"ఇక్కడ మూడే ఉన్నాయి."

సొరుగు లాగి చూశారు. ఫైలు తిరగేశారు. మేకుకి ఏమీ లేదు. ఎవరో చెత్తలో పడేసుంటారని గేలెన్ అన్నాడు, కాస్త తొందరగా అన్నాడు. నయెలి మాత్రం అతని మాట విననట్టు, పొద్దున డార్లా బ్రేక్ రూమ్ బల్ల మీద పడేసిన ఉత్తరాన్ని తన నోటుపుస్తకంలోంచి తీసింది. అందరూ లేచి వెళ్ళిపోతే అది అక్కడే పడి ఉందట, పోతుందేమోనని తెచ్చిందట. వెనక పిన్ను చేసిన కాగితాలు తిప్పింది. 'మీరు పంపిన తూముల పరీక్ష ముట్టింది, శుభ్రమని చూశాం, అయినా అది చాలదు' అని రాసి, ఆ పరీక్ష నకలు జతచేశారు కంపెనీవాళ్ళు. నకలు పై అంచున, సరిగ్గా మధ్యలో, మేకు రంధ్రమంత నల్ల చుక్క ఉంది. కింద డార్లా సంతకం ఉంది. పైన తారీఖు, జనవరి ఆరు.

జనవరి ఆరున పొద్దున్నుంచి చీకటి పడేదాకా డార్లా ఆసుపత్రిలో ఆర్డిస్ చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఊరందరికీ తెలుసు. ఆ మంచం రెండో వైపు ఎవరూ లేరని కూడా ఆమెకి తెలుసు.

ఇప్పుడు వచ్చింది కోపం. పొద్దుటి కోపం దీని ముందు ఏపాటిది. డార్లా లేచి నిలబడి ఆ నకలుని గేలెన్ ఛాతీకి ఆనించింది.

"వేట వారం నాది తప్పు, ఒప్పుకున్నాను. ఇది తప్పు కాదు, అబద్ధం. ఆర్డిస్ పడిపోయాక, అందరికీ తెలిశాక, నా సంతకం అడ్డం పెట్టుకుని ఆడిన అబద్ధం. ఈ తారీఖు ఎవరు వేశారు గేలెన్?"

 తలుపు దగ్గర నిలబడ్డ వెండల్ జుట్టు రాలకుండా తలకి పెట్టుకున్న వల తీసేసి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు. షిఫ్టు మధ్యలో ఆయన వల తీయడం ముప్పై ఎనిమిదేళ్ళలో ఎవరూ చూడలేదు.

"వాణ్ణి అడగకు అమ్మాయ్," అన్నాడు వెండల్. "ఆ తారీఖు వేసింది నేను."